బడికి పంపాలా, వద్దా? మహమ్మారి కాలం నేర్పిన ఆరోగ్య పాఠం

2021 ఆగస్టు మొదటి వారం. నా వైద్యశాలకు వచ్చిన తల్లులందరిదీ ఒకటే ప్రశ్న. “డాక్టరుగారూ, పదహారో తేదీ నుంచి బడులు తెరుస్తున్నారట. పిల్లవాణ్ణి పంపమంటారా, వద్దంటారా? వాడికి ఏమీ సోకకుండా ఏదైనా మందు ఇవ్వండి, ధైర్యంగా పంపుతాము.”

ముప్పై ఏళ్లకు పైగా ఆయుర్వేద వైద్యం చేస్తున్న నాకు ఆ ప్రశ్నకు సమాధానం తెలుసు. అటువంటి మందు నా అలమారలో లేదు. మరే వైద్యుని అలమారలోనూ లేదు. అయితే ఆ మాటను స్పష్టంగా చెప్పడం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఎందుకు ఆలస్యమయిందో పాఠకులకు ముందుగా విన్నవించుకోవడం న్యాయమని భావిస్తున్నాను.

నా వల్ల జరిగిన పొరపాటు

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను ప్రపంచవ్యాప్త మహమ్మారిగా ప్రకటించింది. అదే నెల 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. బడులు అంతకు కొద్ది రోజుల ముందే మూతపడ్డాయి. ఆ రోజుల్లో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ కొన్ని సూచనలు వెలువరించింది. గోరువెచ్చని నీరు త్రాగడం, పసుపు కలిపిన పాలు, చ్యవనప్రాశ, తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి కలిపి కాచిన కషాయం, ముక్కు రంధ్రాలకు నువ్వుల నూనె లేదా నెయ్యి రాయడం వాటిలో ఉన్నాయి. శరీర బలానికి ఇవి తోడ్పడతాయన్నదే ఆ సూచనల భావం. వ్యాధిని నయం చేస్తాయని అందులో చెప్పలేదు.

నేను ఆ సూచనలను కాగితాలపై అచ్చు వేయించి వచ్చిన వారందరికీ పంచాను. మంచి పనే. అయితే “ఇది కవచం కాదు” అన్న ఒక్క వాక్యం ఆ కాగితంలో చేర్చలేదు. మా వీధిలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడొకరు ఉండేవారు. 2021 ఏప్రిల్‌లో రెండవ దశ ఉధృతంగా ఉన్నప్పుడు ఆయనకు జ్వరం వచ్చింది. కషాయం త్రాగుతున్నాను కదా అనే ధీమాతో ఐదు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆరవ రోజు ఆయాసం ఎక్కువై నాకు కబురు పంపారు. వేలికి పరికరం పెట్టి చూస్తే ప్రాణవాయువు 84 చూపింది. ఆసుపత్రికి తరలించాము. ఆయన మే నెలలో కన్నుమూశారు. పరామర్శకు వెళ్లిన నాతో ఆయన భార్య ఒక్క నిష్ఠూరపు మాట కూడా అనలేదు. “మీరు చెప్పిన కషాయం చివరి వరకు మానకుండా త్రాగారండీ” అని మాత్రం అన్నారు.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. కాబట్టి ఆగస్టులో తల్లులు మందు అడిగినప్పుడు నేను వారికి ముందుగా చెప్పినది ఇదే: “అమ్మా, ఈ వ్యాధి సోకకుండా ఆపే పొడి గాని, లేహ్యం గాని లేదు. ఉన్నవి జాగ్రత్తలు. అవి చెబుతాను, వినండి.”

మా ఇంటిలోనూ అదే ప్రశ్న

పరుల పిల్లలకు సలహా చెప్పడం సులభం. మా మనుమరాలికి అప్పుడు ఏడవ ఏడు. 2020 మార్చిలో యూకేజీ చదువుతూ ఇంటికి వచ్చిన పిల్ల, ఒకటవ తరగతి అంతా ఫోనులోనే గడిపింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరి 1న ఒకటి నుంచి ఐదు తరగతులకు బడులు తెరిచారు గాని మేము పంపలేదు. రెండవ దశ రావడంతో ఏప్రిల్ 20 నుంచి అవి మళ్లీ మూతపడ్డాయి. మా అబ్బాయి, “చూశారా నాన్నగారూ, పంపకపోవడమే మంచిదయింది” అన్నాడు. నేనూ తల ఊపాను. మా ఇంటావిడకు ఉబ్బసంతో పాటు మధుమేహం కూడా ఉంది. పిల్ల ద్వారా ఆమెకు సోకితే ఏమవుతుందోనన్నదే మా అందరి భయం.

జూలైలో ఒక సాయంత్రం పిల్ల నా ఒడిలో కూర్చుని తెలుగు వాచకంలోని పాఠాన్ని గడగడా చదివింది. మురిసిపోయాను. ఎందుకో అనుమానం వచ్చి, పాఠం మధ్యలోని ఒక పదంపై వేలు పెట్టి “ఇదేమిటమ్మా?” అని అడిగాను. నా ముఖం వంక చూసింది. పేజీ తిప్పి మరొకటి అడిగాను. “అది ఇంకా వీడియోలో రాలేదు తాతయ్యా” అన్నది. ఫోనులో విన్న పాఠాన్ని వల్లె వేసిందే గాని, ఒక్క గుణింతం కూడా ఆ పిల్లకు రాదు.

అప్పటి నుంచి పిల్లను వైద్యుని కళ్లతో చూడడం మొదలుపెట్టాను. రాత్రి పదకొండు దాటితే గాని నిద్ర పోదు, ఉదయం తొమ్మిదింటికి గాని లేవదు. ఆకలి మందగించింది. మలబద్ధకం పట్టుకుంది. కళ్లు నులుముకుంటూ ఉంటుంది. చిన్న మాటకే ఏడుస్తుంది. ఆయుర్వేదం ఆహారం, నిద్ర, నియమబద్ధమైన జీవనం అనే మూడింటిని శరీరాన్ని నిలబెట్టే ఉపస్తంభాలుగా చెబుతుంది. నా ఇంటిలోనే ఆ మూడూ ఒరిగిపోతూ ఉంటే నేను ఊరందరికీ దినచర్య బోధిస్తున్నాను.

మా ఇంటిలో పనిచేసే మనిషి పిల్లల పరిస్థితి ఇంతకంటె కష్టం. ఆ ఇంటికంతటికీ ఒకటే ఫోను, అదీ తండ్రి జేబులో ఉంటుంది. దూరదర్శన్‌లో పాఠాలు వచ్చేవి గాని, ఆ సమయానికి తల్లిదండ్రులు పనిలో, పిల్లలు వీధిలో. ఐదవ తరగతి చదవవలసిన పెద్ద పిల్లవాడు ఫిబ్రవరిలో బడి తెరిచిన నాటికి మిరప కోతలకు వెళుతున్నాడు. “బడి ఉంటే బడికే పోయేవాడు అయ్యగారూ. ఊరికే తిరుగుతుంటే కూలికన్నా పోతాడని పంపాం” అన్నది ఆ తల్లి. ఆమె తప్పేమున్నది?

ఇది ఒకటి రెండు ఇళ్ల కథ కాదు. దేశమంతటా గ్రామీణ పిల్లల చదువును పరిశీలించే ‘అసర్’ నివేదిక ప్రకారం, రెండవ తరగతి పాఠాన్ని చదవగలిగిన మూడవ తరగతి పిల్లలు 2018లో నూటికి 27.3 మంది ఉండగా 2022 నాటికి 20.5 మందికి తగ్గారు. ఆ నష్టం పెద్ద తరగతుల వారికంటె పసివారికి ఎక్కువ. పెద్ద పిల్లవాడు పుస్తకం తెరిచి తానే చదువుకోగలడు. అక్షరమే రాని పిల్లకు ఎదురుగా గురువు ఉండి తీరాలి.

ప్రాచీన గ్రంథాలు ఏమి చెబుతున్నాయి?

చరక సంహిత విమానస్థానం మూడవ అధ్యాయంలో జనపదోధ్వంసం గురించి వివరణ ఉన్నది. ఒక్కొక్కరి శరీర తత్త్వం వేరువేరు కదా, ఒకే వ్యాధి ఒకే కాలంలో జనులందరినీ ఎట్లా బాధిస్తుంది అన్నది అక్కడి ప్రశ్న. అందరికీ సమానమైన వాయువు, ఉదకం, దేశం, కాలం చెడిపోవడం వల్లనని సమాధానం. గాలి, నీరు, ప్రదేశం, ఋతువు అన్నమాట. ఈ నాలుగింటిలో ఒకదానికంటె తరువాతిది తప్పించుకోవడానికి కష్టతరమని కూడా అక్కడ చెప్పారు. అంటే చెడిన గాలి నుంచి తప్పించుకోవడం మిగిలిన వాటికంటె సులభం.

సుశ్రుత సంహిత నిదానస్థానంలో ఒకరి నుంచి మరొకరికి సంక్రమించే వ్యాధుల ప్రస్తావన ఉన్నది. శరీర స్పర్శ, నిశ్వాసం, సహభోజనం, ఒకే పడక, ఒకే ఆసనం, ఒకరి వస్త్రాలు మరొకరు ధరించడం ద్వారా జ్వరాదులు వ్యాపిస్తాయని అందులో చెప్పారు. కోవిడ్ కారకమైన వైరస్ గురించి ఆ మహర్షులకు తెలుసునని నేను చెప్పను. అది తగదు. అయితే ఎక్కడ కాపలా ఉండాలో వారు చూపిన దిక్కు సరైనదే. ఆధునిక పరిశోధన కూడా చివరకు గాలి వద్దకే వచ్చింది. మొదట్లో మనమందరం కూరగాయలను సబ్బునీటితో కడిగాము, తలుపు గడియలను తుడిచాము. తలుపులు కిటికీలు మూసిన గదిలో నలుగురి ఊపిరి కలవడమే అసలు ప్రమాదమని తరువాత తేలింది.

పసిపిల్లల బడే ముందుగా ఎందుకు?

2021 జూలై 20న భారత వైద్య పరిశోధన మండలి అధిపతి డాక్టర్ బలరాం భార్గవ విలేఖరులతో మాట్లాడుతూ, బడులు తెరవదలిస్తే ప్రాథమిక పాఠశాలలతో ప్రారంభించడం వివేకమన్నారు. వైరస్ శరీర కణాలకు అంటుకోవడానికి ఆధారమైన ఏస్-2 గ్రాహకాలు చిన్నపిల్లల్లో తక్కువని, పెద్దలకంటె పిల్లలు ఈ వ్యాధిని బాగా తట్టుకుంటున్నారని వివరించారు. ఉపాధ్యాయులు, ఇతర సిబ్బంది అందరూ టీకా వేయించుకుని ఉండాలన్నది ఆయన చెప్పిన షరతు.

ఆ రోజే వెల్లడైన నాలుగవ సీరో సర్వేలో 6 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో నూటికి 57.2 మందిలో ఈ వ్యాధికి ప్రతిరక్షకాలు కనిపించాయి. మన విజయనగరం, కృష్ణా, నెల్లూరు జిల్లాలు, తెలంగాణలోని కామారెడ్డి, జనగామ, నల్లగొండ జిల్లాలు కూడా ఆ సర్వేలో ఉన్నాయి. ఈ అంకె చూసి నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. బడులు చాలావరకు మూసి ఉండగానే సగానికి పైగా పసివారికి వైరస్ సోకింది. అంటే వ్యాధి బడి నుంచి మాత్రమే ఇంటికి రావడం లేదు. కార్యాలయం నుంచి, బజారు నుంచి, పెళ్లి పందిరి నుంచి పెద్దల వెంట వస్తున్నది. మనం పెళ్లిళ్లకు వెళుతూ పిల్లల బడి మాత్రం మూసి ఉంచాము.

ఇతర దేశాల అనుభవమూ ఉన్నది. డెన్మార్క్ 2020 ఏప్రిల్ 15ననే చిన్న తరగతుల పిల్లలను తిరిగి బడికి పిలిచింది. స్వీడన్ తన ప్రాథమిక పాఠశాలలను మొదటి దశలో మూయనే లేదు. అక్కడి తరగతి గదులు, జనసాంద్రత మన వంటివి కావు కనుక వారు చేసినదంతా మనం చేయవచ్చునని కాదు. పసిపిల్లల బడిని చివరగా మూసి, ముందుగా తెరవాలన్న క్రమం మాత్రం ఆలోచించదగినది. మనం చేసినది దానికి విరుద్ధం. 2020 నవంబరులో తొమ్మిది, పది తరగతుల వారిని ముందుగా పిలిచి, పసివారిని చివరికి వదిలాము.

బడిని చూసి వచ్చాను

మనసు కొంత కుదుటపడినా, చూడకుండా పంపడం ఇష్టం లేక మనుమరాలి బడికి వెళ్లాను. ప్రధానోపాధ్యాయురాలు ఓపికగా అన్నీ చూపించారు. గదులు కడిగించారు, చేతులకు సబ్బు పెట్టారు, గుమ్మంలో జ్వరం చూసే పరికరం ఉన్నది. అయితే రెండవ తరగతి గదిలో రోడ్డు వైపు కిటికీకి దుమ్ము రాకుండా మేకులు కొట్టి ఉన్నది. “అమ్మా, జ్వరం చూసే పరికరం లేకపోయినా ఫరవాలేదు, ఆ మేకులు తీయించండి” అన్నాను. మరునాడు తీయించారు. భోజనం గదిలో కాక వరండాలో దూరదూరంగా కూర్చోబెట్టడానికి, వర్షం లేని రోజుల్లో ఒక పాఠం వేపచెట్టు క్రింద చెప్పడానికి అంగీకరించారు. ఉపాధ్యాయులందరికీ టీకా పూర్తయిందని చెప్పారు.

ఇంటికి వచ్చి ఇదంతా చెప్పాను. అబ్బాయి ఇంకా తటపటాయిస్తూనే ఉన్నాడు. కోడలు, “పిల్ల ఎదురింటి కిటికీలోకి చూస్తూ తనలో తానే మాట్లాడుకుంటున్నది మామయ్యగారూ” అని కళ్లు తుడుచుకున్నది. చివరకు తీర్పు చెప్పినది మా ఇంటావిడ. “నాకు రెండు సూదులూ అయ్యాయి. నా పడక ముందుగదిలోకి మార్చండి. నా పేరు చెప్పి దాని చదువు ఆపవద్దు” అన్నది. ఆ పూటే మంచం మార్చాము.

ఇంటి వద్ద చేయవలసినవి

బడికి పిల్లలను పంపిన తల్లులకు నేను చెప్పిన సూచనలు ఇవి. మహమ్మారి లేని కాలంలో, జలుబులు జ్వరాలు ప్రబలే వానకారులోను ఇవి పనికివస్తాయి.

1. నిద్ర: ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు తొమ్మిది గంటలకు తగ్గని నిద్ర అవసరం. బడి తెరవడానికి పది రోజుల ముందు నుంచే రోజుకు పావుగంట చొప్పున నిద్రవేళను ముందుకు జరపాలి. పడకకు గంట ముందు ఫోను తీసివేయాలి.

2. ఉదయ చర్య: లేవగానే గోరువెచ్చని నీరు, మల విసర్జన, దంతధావనం, స్నానం ఒకే క్రమంలో జరగాలి. వారానికొకసారి నువ్వుల నూనెతో ఒళ్లు మర్దించి తలంటు పోయాలి. రోజూ కొంతసేపు ఆరుబయట ఆటలాడించాలి. కళ్లకు అంతకు మించిన విశ్రాంతి లేదు.

3. ఆహారం: ఉదయం రాగిజావ గాని, ఇడ్లీ గాని పెట్టి పంపాలి. ఖాళీ కడుపుతో పంపరాదు. వారంలో రెండు మూడు సార్లు మునగాకు పప్పు, మొదటి ముద్దలో కరివేపాకు పొడి, నెయ్యి, దొరికే కాలంలో ఉసిరికాయ, సాయంత్రం నువ్వులుండ లేదా వేరుశనగ పట్టీ ఇవ్వాలి. డబ్బాలో పెట్టినది ఒకరి చేతిది మరొకరు తినకుండా మెల్లగా నేర్పాలి.

4. పసుపు పాలు: రాత్రి చిన్న గ్లాసు పాలలో పావు చెంచా పసుపు వేసి మరిగించి ఇవ్వవచ్చును. గొంతుకు హాయిగా ఉంటుంది. ఇంతకు మించి దాని నుంచి ఆశించరాదు.

5. కషాయం: తులసి, ధనియాలు, చిటికెడు శొంఠితో పలుచగా కాచి, జలుబు చేసినప్పుడు మాత్రమే రెండు మూడు చెంచాలు, రెండు మూడు రోజులు ఇవ్వాలి. 2020లో రోజుకు మూడుసార్లు మిరియాల కషాయం త్రాగించడం వల్ల నోటిపూత, కడుపు మంటతో వచ్చిన పిల్లలను నేను అనేకమందిని చూశాను. తిప్పతీగ వంటి వాటిని వైద్యుని సలహా లేకుండా నెలల తరబడి వాడరాదు.

6. ముక్కుకు నూనె: చిటికెన వేలికి నువ్వుల నూనె అద్ది ముక్కు లోపలి అంచుకు రాస్తే చాలు. పసిపిల్లల ముక్కులో నూనె చుక్కలు పోయరాదు, ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదమున్నది.

7. ఆవిరి: పసిపిల్లలకు వద్దు. మరిగే నీటి గిన్నె ఒలికి ఒళ్లు కాలిన సంఘటనలు ఎన్నో ఉన్నాయి. ఆరేళ్లు దాటిన వారు గోరువెచ్చని ఉప్పునీరు పుక్కిలిస్తే చాలును.

8. మాస్కు: ఐదేళ్ల లోపు వారికి అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంతకు పెద్ద పిల్లలకు మహమ్మారి ప్రబలిన రోజుల్లో ఒకటి ముఖానికి, మరొకటి సంచిలో ఉంచి పంపాలి. తడిసినది మార్చుకోవడం నేర్పాలి.

9. పెద్దల టీకా: మన దేశంలో 12 నుంచి 14 ఏళ్ల వారికి 2022 మార్చి 16 నుంచి, హైదరాబాదులోని బయలాజికల్-ఇ తయారుచేసిన కోర్బివాక్స్ టీకా వేశారు. అంతకు చిన్నవారికి ఆ కార్యక్రమం విస్తరించలేదు. కాబట్టి ప్రాథమిక పాఠశాల పిల్లలకు అసలు ప్రాకారం వారి చుట్టూ ఉన్న పెద్దల టీకాయే.

వైద్యశాలకు ఎప్పుడు పరుగెత్తాలి?

జ్వరం, దగ్గు ఉన్న పిల్లను ఆ రోజు బడికి పంపరాదు. హాజరు కోసం మాత్ర వేసి పంపడం పాపం వంటిది. శ్వాస వేగంగా తీయడం, డొక్కలు ఎగరవేయడం, మగతగా ఉండడం, ఏమీ త్రాగలేకపోవడం కనిపిస్తే గృహవైద్యంతో గంట కూడా జాప్యం చేయరాదు. కోవిడ్ తగ్గిన రెండు నుంచి ఆరు వారాల మధ్య కొందరు పిల్లలకు విడవని జ్వరం, కళ్లు ఎర్రబడడం, ఒంటిపై దద్దుర్లు, కడుపునొప్పి వస్తాయి. ఇది అరుదైనదే గాని ప్రమాదకరమైనది. పెద్ద ఆసుపత్రిలోనే చికిత్స జరగాలి. ఈ పేరా నా పాత కాగితంలో లేదు. ఉండి ఉంటే ఒక మంచి మాస్టారు నేడు మా వీధి అరుగు మీద కూర్చుని ఉండేవారేమో.

తరువాత ఏమి జరిగింది?

ఆగస్టు 16న పిల్ల బడికి వెళ్లింది. మొదటి వారం ఏడ్చింది. రెండవ వారం సాయంత్రం ఏడు గంటలకే ఆకలి అన్నది, తొమ్మిదింటికి నిద్రపోయింది. మలబద్ధకానికి నేనిచ్చిన త్రిఫల చూర్ణంతో ఇక పని లేకపోయింది. సెప్టెంబరులో ఆ తరగతిలో ఒకరికి కోవిడ్ తేలితే తరగతిని కొద్ది రోజులు ఆపి, తిరిగి నడిపారు. మా పిల్లకు ఒకసారి జలుబు చేసి వారం ఇంట్లో ఉంచాము. పరీక్షలో ఏమీ లేదు. మా ఇంటావిడ క్షేమంగా ఉన్నది. ఏమీ జరగకపోవడం మా తెలివి అనుకోను. కొంత జాగ్రత్త, కొంత టీకా, కొంత అదృష్టం.

పనిమనిషి కొడుకు కోసం వాళ్ల పంతులుగారు రెండుసార్లు ఇంటికి వచ్చి పిలుచుకుని వెళ్లారు. మళ్లీ మిరప కోతల కాలం వచ్చింది. ఆ పిల్లవాడు బడిలోనే ఉన్నాడు. సంక్రాంతికి మా మనుమరాలు వార్తాపత్రికలోని ఒక పెద్ద అక్షరాల శీర్షికను తడుముకుంటూ, కూడబలుక్కుంటూ చదివింది. గడగడా చదవలేదు. ఈసారి అది నిజమైన చదువు.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది. ఇటువంటి ఆపద మరొకటి రాదని ఎవరూ చెప్పలేరు. వచ్చిన నాడు పాఠకులు రెండు విషయాలు జ్ఞాపకం ఉంచుకోవాలని నా మనవి. మీ వైద్యుడు ఏదైనా కషాయం చెబితే, “ఇది దేనికి పనిచేయదో కూడా చెప్పండి” అని అడగండి. మీ పిల్లల బడికి వెళ్లినప్పుడు ఫీజుల పట్టికతో పాటు కిటికీలు కూడా చూడండి. మూసి ఉంటే మీరే తెరవండి.